కాస్మిక్ కిరణాలు మన దాకా ఎలా వస్తాయి?

పోయిన ఎపిసోడ్‌లో నేను బోర్డు మీద ఒక బొమ్మ వేశాను, గుర్తుందా? ఒక పక్క పేలిన నక్షత్రం, ఇంకో పక్క భూమి, మధ్యలో తిన్నగా ఒక గీత. ఆ గీత తప్పండీ. ఈ రోజు దాన్ని సరిదిద్దుకుందాం.

పేరులో కిరణాలు అని ఉన్నా ఇవి వెలుగు కాదు. ఎక్కువ భాగం ప్రోటాన్లు. వాటికి విద్యుదావేశం ఉంటుంది, కాబట్టి అయస్కాంత క్షేత్రం వాటి దారిని వంచుతుంది. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

నక్షత్రం పేలితే ఒక షాక్ తరంగం బయటికి దూసుకుపోతుంది. అక్కడి అయస్కాంత క్షేత్రం ప్రోటాన్‌ని ఆ తరంగానికి అటూ ఇటూ తిప్పుతుంది. దాటిన ప్రతిసారీ ప్రోటాన్‌కి కొంత శక్తి వస్తుంది. శక్తి పెరిగేకొద్దీ దాన్ని వంచడం కష్టం. చివరికి క్షేత్రం పట్టు తప్పి ప్రోటాన్ బయటపడుతుంది. అందుకే బాగా శక్తి ఉన్నవి ముందు వెళ్ళిపోతాయి. మిగతావి షాక్ బలహీనపడేదాకా లోపలే ఉంటాయి.

బయటపడ్డాక కూడా తిన్నగా రావు. మన గెలాక్సీ నిండా అయస్కాంత క్షేత్రం ఉంది. బలం భూమి క్షేత్రంలో సుమారు లక్షో వంతే, కానీ దూరాలు అపారం. తిరునాళ్ల జనంలో చిక్కుకున్న మనిషిలా ప్రోటాన్ అటు కొంత, ఇటు కొంత నెట్టుకుంటూ తిరుగుతుంది.

ఎంతకాలం తిరుగుతుంది? దీనికి గడియారం ఉంది. కార్బన్, ఆక్సిజన్ కేంద్రకాలు కూడా ఈ ప్రయాణంలో ఉంటాయి. అవి దారిలో వాయువుని ఢీకొని పగిలితే బోరాన్, బెరీలియం పుడతాయి. బోరాన్ ఎంత ఉందో చూస్తే ఎంత వాయువులోంచి వచ్చాయో తెలుస్తుంది. బెరీలియం-10 అర్ధాయుష్షు సుమారు 14 లక్షల సంవత్సరాలు. అందులో ఎంత మిగిలిందో కొలిస్తే కాలం తెలుస్తుంది. లెక్క సుమారు కోటిన్నర సంవత్సరాలు! ఐదు వేల కాంతి సంవత్సరాల దూరం నుంచి వెలుగు ఐదు వేల ఏళ్ళలో వచ్చేస్తుంది, చూడండి.

మరి ఇంత తిరిగొచ్చినదాని ఊరు ఎలా తెలుస్తుంది? అది వచ్చిన దిక్కుని బట్టి తెలియదు. కానీ పుట్టినచోటే కొన్ని ప్రోటాన్లు పక్కనున్న మేఘాన్ని గుద్దితే గామా కిరణాలు వస్తాయి. వాటికి ఆవేశం లేదు, తిన్నగా వస్తాయి. 2013లో ఫెర్మి టెలిస్కోప్ బృందం ఐసీ 443, డబ్ల్యూ 44 అనే రెండు సూపర్‌నోవా అవశేషాల్లో సరిగ్గా ఆ గుర్తునే చూపించింది.

కాబట్టి మీ నోట్సులో ఆ తిన్నని గీత గామా కిరణానికి ఉంచండి. ప్రోటాన్‌కి మాత్రం చిక్కుపడ్డ దారంలా గీయండి. ఉంటానండీ, నమస్కారం.