మూగబోయిన గ్రామఫోనుకు మైకా బిళ్లే ప్రాణం

గూడూరు: కరెంటు లేని రోజుల్లో కీ ఇస్తే పాడిన పెట్టె అది. పెళ్లి పందిళ్లలోనూ, నాటక సమాజాల గదుల్లోనూ, కాస్త కలిగినవారి వసారాల్లోనూ మోగిన గ్రామఫోను నేడు అటకల మీద దుమ్ము కొట్టుకుపోతోంది. పారేయడానికి మనసొప్పదు. బాగు చేయిద్దామంటే సామాను దొరకదు. కంపెనీవారు విడిభాగాలు చేయడం మానేసి దశాబ్దాలు గడిచాయి. అయితే చాలా పాత పెట్టెలకు గొంతునిచ్చే భాగం దేనితో చేస్తారో, ఆ సరుకు గూడూరు, సైదాపురం ప్రాంతాల నేలలోనే ఉంది. అదే మైకా. మన వాడుకలో కాకిబంగారం.

గ్రామఫోను పాడే తీరు చూస్తే దీని అవసరం తెలుస్తుంది. రికార్డు గాడిలో ముల్లు అటూ ఇటూ అదురుతుంది. ఆ అదురును ఒక చిన్న కడ్డీ సౌండుబాక్సులోని గుండ్రటి బిళ్లకు అందిస్తుంది. బిళ్ల కదిలితే గాలి కదులుతుంది, గొట్టంలో నుంచి పాట బయటికి వస్తుంది. హిజ్ మాస్టర్స్ వాయిస్ వారు 1925లో తెచ్చిన 101 నంబరు చేతిపెట్టెకు వచ్చిన నాలుగో నంబరు సౌండుబాక్సులో ఈ బిళ్ల మైకాది. 1931లో వచ్చిన 102 నంబరు పెట్టెలో మాత్రం ముడతలు పెట్టిన అల్యూమినియం బిళ్ల వాడారు. కనుక ముందు తమ పెట్టె ఏ రకమో చూసుకోవడం మంచిది.

మైకా బిళ్ల మీద వెండిరంగు మచ్చలు కనిపిస్తే లోపల పొరలు విడిపోయాయన్నమాట. అప్పుడు పాటతోపాటు ఈగల మోత కూడా వినవలసి వస్తుంది.

ఇటీవల ఇలాంటి పెట్టె ఒకటి ఈ ప్రాంతంలోని ఒక వాచీల మెకానిక్కు వద్దకు వచ్చింది. ఆయన కొత్త బిళ్ల చేసిన తీరును ఈ విలేకరి దగ్గరుండి చూడడం జరిగింది. వెనుకటి రోజుల్లో మైకా షెడ్డులో చీలిక పని చేసిన ఒక పెద్దమ్మను పిలిపించారు. మచ్చా గీతా లేని పలకను ఎంచి, కత్తి మొనతో అంచున పొర లేపి, పోస్టుకార్డు మందానికి రాగానే ఆమె ఆపేసింది. కొలబద్ద ముట్టలేదు. వేళ్ల మధ్య వంచి చూడడమే ఆమె కొలత. ఆ తర్వాత మెకానిక్కు పాత బిళ్లను అచ్చుగా పెట్టి గుండ్రంగా గీసి, గీతకు కొంచెం బయటగా కత్తెరతో కోసి, అంచును ఉప్పుకాగితం మీద నెమ్మదిగా అరగదీశాడు. నడిమి రంధ్రమే కష్టం. ఒకవైపు నుంచే పొడిస్తే పొరలు లేస్తాయి. సూదిమొనను ఇటు కొంత, అటు కొంత తిప్పుతూ పోవాలి. రెండు బిళ్లలు పాడయ్యాక మూడోది కుదిరింది. మర బిగించి, దాని తల చుట్టూ తేనెమైనం చుక్క కరిగించి పోశాడు. అది లేకపోతే బిళ్ల గలగలలాడుతుంది.

బిళ్లకు రెండువైపులా ఉండే రబ్బరు గొట్టం కూడా ఇన్నేళ్లకు ఎండి రాయి అవుతుంది. దీనికి సైకిలు వాల్వు ట్యూబు ముక్క సరిపోయింది. బిళ్ల ఎంత మంచిదైనా ఈ రబ్బరు మెత్తగా లేకపోతే పాట నొక్కినట్టే వస్తుంది.

అన్నీ ఇలా చేతితో తయారు కావు. కొన్ని సౌండుబాక్సుల వెనుక భాగం జింకు కలిపిన పోతలోహం. దానిలో సీసం వంటి కల్తీ ఉంటే ఏళ్లు గడిచేకొద్దీ ఉబ్బి, పగుళ్లు వచ్చి, ముట్టుకుంటే ముక్కలవుతుంది. దాన్ని అతికించబోవడం వృథా ప్రయాస. ఇత్తడితో లేతు మీద కొత్తది తీయించుకోవలసిందే.

స్ప్రింగు సంగతి వేరు. వెడల్పు, మందం, పొడవు, కొసన ఉన్నది రంధ్రమా వంకీయా, ఈ నాలుగూ కలిస్తేనే కొత్తది పట్టుతుంది. విదేశాల్లో కొందరు నేటికీ వీటిని చేసి అమ్ముతున్నారు. విరిగిన స్ప్రింగును పారేయక కొలతకు దాచాలి. కీ బిగువు పూర్తిగా వదలకుండా డబ్బా తెరిస్తే మాత్రం ఆ ఉక్కు పట్టీ ఒక్కసారిగా విచ్చుకుని చేతిని కోసేస్తుంది. ఇంట్లో కుర్రవాళ్లు స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చునే ముందు ఈ మాట వినడం మంచిది.

ముల్లు చిన్నదే కానీ చేసే నష్టం పెద్దది. 78 వేగపు రికార్డు లక్కతోనూ, రాతిపొడి వంటి గరుకు సరుకుతోనూ చేసింది. ఉక్కు ముల్లు ఒక వైపు పాడేసరికి మొన అరిగి ఉలిలాగా తయారవుతుంది. అందుకే వెనుకటి వారు వైపుకొక ముల్లు మార్చేవారు, 200 ముళ్ల రేకు డబ్బా కొని ఉంచుకునేవారు. ఇప్పుడు ఒకే ముల్లుతో పది పాటలు వినేవారున్నారు. కపిలవాయి రామనాథశాస్త్రి గొంతైనా, స్థానం నరసింహారావు గొంతైనా గాడి చెడితే మళ్లీ రాదు. మన దేశంలో ఇలాంటి రికార్డుల తయారీయే 1970 ప్రాంతంలో ఆగిపోయింది. ముల్లు దొరకని చోట నాగజెముడు ముల్లు వాడవచ్చు. ఇంగ్లండులోనూ 1930లలో ఇలాంటి ముళ్లు వాడేవారు. చప్పుడు తగ్గుతుంది, మొన తరచు చెక్కుకోవాలి, రికార్డు మాత్రం నిలుస్తుంది.

ఇదిలా ఉండగా పాత సామాను కరువుకు మరో కారణం కూడా ఉంది. తళతళలాడే పెద్ద ఇత్తడి బాకాలతో పాతవాటిలా కనిపించే కొత్త గ్రామఫోనులు బజారులో అమ్ముడవుతున్నాయి. వీటిలో చాలావాటికి మోటారు ఎక్కడి నుంచి వస్తున్నదంటే, మంచి చేతిపెట్టెలను విప్పి తీసినదే. హాలులో అలంకారానికి ఒక బాకా తయారు కావడానికి పాడే పెట్టె ఒకటి చస్తున్నదన్నమాట. తాతగారి పెట్టెను పాతసామాను వాడికి తూకానికి వేసేవారు ఈ సంగతి గమనించాలి.

మైకా ఉన్నా చీల్చే చేతులు తగ్గిపోతున్నాయి. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన తర్వాత మన మైకాకు పెద్ద కొనుగోలుదారు పోయాడు. ఆనాటి పనివారిలో మిగిలినవారు ఇప్పుడు వృద్ధులు. గ్రామఫోను బిళ్లల కోసం షెడ్డు నడవదన్నది నిజమే. అయినా ఒక సంచిలో పట్టే పలకలను ఎంచి, చీల్చి దాచుకుంటే ఒక మెకానిక్కుకు జీవితకాలం సరిపోతాయి.

బాగైన పెట్టెలో పద్యం మోగగానే ఆ పెద్దమ్మ అది ఏ నాటకంలోదని అడిగింది. మెకానిక్కు తాను చేసిన మరో బిళ్లను కాగితంలో చుట్టి, పాత బిళ్లతో కలిపి పెట్టె మూతలోని రికార్డుల అరలో ఉంచి సొంతదారుకు అప్పగించాడు.