గుర్రానికి ఫ్లూ వస్తే

మెరీనా ఒడ్డున పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే గుర్రాలు మనకి తెలిసినవే. మనకి వచ్చినట్టే వాటికీ ఫ్లూ వస్తుంది. మనం సెలవు చీటీ రాసి పడుకుంటాం. వాటికి ఆ వీలు లేదు. ఈ జబ్బులో అసలు చిక్కు అదే.

దీనికి కారణం హెచ్3ఎన్8 అనే రకం ఇన్‌ఫ్లుయెంజా వైరస్. గుర్రాలకే కాదు, గాడిదలకీ కంచరగాడిదలకీ సోకుతుంది. సోకిన ఒకటి నుంచి మూడు రోజుల్లో జ్వరం వస్తుంది, ఒక్కోసారి 106 డిగ్రీల దాకా పోతుంది. పొడి దగ్గు, ముక్కు కారడం, మేత ముట్టకపోవడం మిగతా లక్షణాలు. దగ్గినప్పుడు తుంపరలు గాలిలో కలిసి పక్క గుర్రాన్ని చేరతాయి. నీళ్ళ బకెట్టు, కళ్ళెం, ఒళ్ళు తోమే బ్రష్షు, కాపరి చేతులు, బట్టలు కూడా వైరస్‌ని మోస్తాయి.

2008లో ఇది జమ్మూ దగ్గరి కట్రాలో బయటపడి చాలా రాష్ట్రాలకు పాకింది. వైష్ణోదేవి కొండకి యాత్రికుల్ని మోసే జంతువులు ఉండే ఊరది. అంతకుముందు ఏడాది ఆస్ట్రేలియాలో వచ్చినప్పుడు గుర్రాల రాకపోకలు పూర్తిగా ఆపేసి, టీకాలు వేసి, కొన్ని నెలల్లోనే అణచేశారు.

మరి ఏం చేయాలి? దగ్గే గుర్రాన్ని వెంటనే విడిగా కట్టాలి. దాని బకెట్టు, దాణా తొట్టి వేరుగా ఉంచాలి. సబ్బునీళ్ళకే ఈ వైరస్ చచ్చిపోతుంది కాబట్టి చేతులూ సామానూ బాగా కడగాలి. దుమ్ము లేకుండా గడ్డి తడిపి వేయాలి. కొత్తగా కొన్న గుర్రాన్ని కనీసం రెండు వారాలు మిగతావాటితో కలపకూడదు. టీకా ఉంది, మొదట రెండు మోతాదులు, తర్వాత డాక్టరు చెప్పిన గడువుల్లో మళ్ళీ మళ్ళీ వేయించాలి.

వైరస్ శ్వాసనాళం లోపలి పొరని పాడుచేస్తుంది. అది బాగుపడడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. అందుకే ఒక్కో రోజు జ్వరానికి ఒక్కో వారం చొప్పున, కనీసం మూడు వారాలైనా విశ్రాంతి ఇవ్వమంటారు. జ్వరం తగ్గింది కదా అని పనిలో పెడితే న్యుమోనియా రావచ్చు, దగ్గు ఎన్నాళ్ళకీ వదలకపోవచ్చు.

రోజు కూలీ మీద బతికే యజమానికి మూడు వారాలంటే మాటలు కాదు. పస్తులుండాల్సి వస్తుంది. అతన్ని తిట్టి లాభం లేదు. దగ్గే గుర్రం కనబడితే సవారీకి ఎక్కకండి. వేపేరి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్ళమని నెమ్మదిగా చెప్పండి.