నుదుటి దగ్గరే దొరికిపోతుంది!

ఆగస్టులో బడిపిల్లల వేషాలకు కొదవుండదు. పదిహేనో తేదీకి అల్లూరి సీతారామరాజులు, ఝాన్సీ లక్ష్మీబాయిలు; కృష్ణాష్టమికి చిన్ని కృష్ణులు. మూడు నాలుగు వందల విగ్గుతో వేషాన్ని గట్టెక్కించడం ఎలా?

‘విగ్గుల మీద ముఖచిత్ర కథనం, గురువారం సాయంత్రానికి కావాలి’ అన్నారు ఎడిటర్‌గారు. నాకేమో సురభి నాటకాల మీద రాయాలని ఉంది. పైగా విగ్గంటే మొదటి నుంచీ అనుమానమే. రంగస్థలం మీద పద్యం ఎంత బాగా సాగుతున్నా నా కళ్లు నటుడి నుదుటి మీదికే పోతాయి. అక్కడ విగ్గు అంచు గీత గీసినట్టు కనిపించిందా, ఇక ఆ మనిషి నా దృష్టిలో దుర్యోధనుడు కాడు.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ప్రాచీన ఈజిప్టులో విగ్గులు పెట్టుకునేవారు. 1795లో బ్రిటన్ జుట్టుకు అద్దే పౌడరు మీద పన్ను వేసింది. మన ఆడవాళ్లకు సవరం ఉండనే ఉంది. మన ‘మాయాబజార్’ విడుదలైన 1957లోనే జపాన్‌లో కనెకలాన్ అనే కృత్రిమ దారం తయారీ మొదలైంది. ఇప్పుడు చైనాలోని షూచాంగ్ నగరం విగ్గులకు పెట్టింది పేరు. తిరుమలలో భక్తులిచ్చిన అసలైన తలనీలాలు వేలంలో అమ్ముడై విదేశాలకు వెళ్తుంటే, మన బాలకృష్ణుడి నెత్తికి ఫ్యాక్టరీ దారం దిక్కవుతోంది!

ఇన్ని సంగతుల మధ్య నన్ను పట్టి కూర్చోబెట్టింది మాత్రం విగ్గు కవరు వెనకుండే చీటీ. బొమ్మ చూసి కొనేవాళ్లు దాన్ని చదవరు. అసలు కథంతా అందులోనే ఉంది.

మొదటి మాట దారం గురించి. ‘సింథటిక్’ అని మాత్రమే ఉంటే ఇస్త్రీ యంత్రాన్ని, కర్లింగ్ రాడ్‌ను దాని దరిదాపులకు రానివ్వకండి. దారం కరిగి ముద్ద కడుతుంది. ‘హీట్ రెసిస్టెంట్’ అని ఉంటే సాధారణంగా 150 నుంచి 180 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది; అయినా కనపడని చోట ఒక పాయ మీద పరీక్షించాకే ముందుకెళ్లాలి. మామూలు విగ్గుకు ఉంగరాలు కావాలంటే పాతకాలపు ఉపాయమే మేలు. పాయల్ని రోలర్లకో పెన్సిళ్లకో చుట్టి, వేడినీళ్లు పోసి, పూర్తిగా ఆరనిచ్చి విప్పాలి. నీళ్లెంత కాగినా వంద డిగ్రీలు దాటవు, దారం కరగదు. ఒక్క జాగ్రత్త: హారతి పళ్లెం, దీపం దగ్గరికి విగ్గు పెట్టుకున్న పిల్లల్ని వెళ్లనివ్వొద్దు.

రెండో మాట కొలత. నుదుటి పైనుంచి చెవుల మీదుగా మెడ వెనక దాకా టేపు చుట్టి చూడండి. పెద్దవాళ్లకు 21 నుంచి 23 అంగుళాలు ఉంటుంది. ఐదేళ్ల పిల్లల తల ఇరవై అంగుళాలకు అటూ ఇటుగా ఉంటుంది కాబట్టి పెద్దల విగ్గు కళ్ల మీదికి జారుతుంది. లోపలి కొక్కేలు బిగించినా నిలవకపోతే మెడ దగ్గర లోపలివైపు చిన్న మడత పెట్టి నాలుగు కుట్లు వేస్తే చాలు. పొడుగు జుట్టు అమ్మాయిలకు కొప్పు పెట్టి పైన విగ్గు తొడిగితే బొడిపె కనిపిస్తుంది. రెండు జడలల్లి, తలకు అంటుకునేలా అడ్డంగా తిప్పి పిన్నులు పెట్టి, మీద సన్నని నైలాన్ టోపీ తొడగాలి.

చీటీలో లేని మూడో సంగతి తెలియాలంటే విగ్గును లోపలివైపుకు తిప్పాలి. సాగే వల మీద జుట్టు పట్టీలను వరసలుగా కుడతారు. వరసలు ఎడంగా ఉంటే ధర తగ్గుతుంది. జుట్టు విరబోసుకునే వేషానికి అది ఫర్వాలేదు. పైకెత్తి ముడి వేస్తే మాత్రం వల బయటపడుతుంది.

ఇక నుదురు. చవక విగ్గులకు అక్కడ జుట్టు ఒక్కసారిగా, దట్టంగా మొదలవుతుంది. పలచని జాలీకి ఒక్కొక్క వెంట్రుకా ముడివేసిన ‘లేస్ ఫ్రంట్’ రకంలో ఈ తంటా ఉండదు, ధర మాత్రం ఎక్కువ. మన నాటకంవాళ్లు దీన్ని ఖర్చు లేకుండా ఎప్పుడో దాటేశారు. కృష్ణుడికి కిరీటం పెట్టేస్తే అంచు దాని కింద దాక్కుంటుంది. భుజాల మీద పడే ఉంగరాలు కనిపిస్తే చాలు. కూచిపూడి సత్యభామకు పాపిడిబిళ్ల, సూర్యవంక, చంద్రవంక ఉంటాయి. చిక్కల్లా అల్లూరి లాంటి వేషానిదే: తల మీద ఏమీ లేదు, జుట్టు, గడ్డం తప్ప. అలాంటప్పుడు ముందు పాయలు కొన్ని నుదుటి మీదికి లాగి, విగ్గు తల మీద ఉండగానే ఎగుడుదిగుడుగా కత్తిరించాలి. ప్లాస్టిక్ మెరుపు తగ్గడానికి టాల్కం పౌడరు చల్లి, చేత్తో రుద్ది దులపాలి.

అందుకే నా లెక్క ఇది: చేతిలో నాలుగొందలుంటే మూడొందలే విగ్గుకు పెట్టండి. మిగతా వంద కిరీటానికో తలపాగాకో పూలకో, అంటే నుదుటికి. వెయ్యి పెట్టి కొన్న జుట్టు కూడా అక్కడ దొరికిపోతే వేషం పోయినట్టే.

గాంధీ తాత వేషమా?
బోడిగుండు టోపీ కావాలి. చవకవి చాలావరకు రబ్బరు లేటెక్స్‌వి. కొందరి చర్మానికి పడదు. ముందు రోజే మోచేతి లోపలివైపు కాసేపు ఉంచి చూడండి. నాటకాల్లో వాడే స్పిరిట్ గమ్ పసివాళ్ల ముఖానికి వద్దు.

వేడుక అయ్యాక
కొబ్బరి పీచులా చిక్కుపడిన విగ్గును పారేయక్కర్లేదు. చన్నీళ్లలో కాస్త షాంపూ కలిపి ముంచి తీయండి, రుద్దొద్దు. తర్వాత బట్టల ఫ్యాబ్రిక్ కండిషనర్ కలిపిన నీళ్లలో నానబెట్టి, నీడన ఆరేయండి. వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి దువ్వుకురండి. వలలో చుట్టి దాచితే వచ్చే ఏడాది తమ్ముడి వేషానికీ పనికొస్తుంది.