ఉచ్చులవారి నోట అడవిజబ్బులు

చిక్కబళ్ళాపురం 2007లో కోలారునుండి విడిపడి వేరు జిల్లా అయినది. గీత ఎక్కడ గీచినా ఆ సీమ మాట మాత్రం మారలేదు. బాగేపల్లి బస్సుస్టాండులో దిగితే కన్నడం బోర్డుల మీద కనబడుతుంది, తెలుగు నోళ్ళలో వినబడుతుంది. చిత్రావతి దాటి కొంచెం పోతే వేరుసెనగ చేలు, చేల అంచున నున్నని బండరాళ్ళ గుట్టలు, గుట్టల మధ్య తంగేడు, బందారు, రేగు పొదలు. ఇది ఏనుగులు తిరిగే కారడవి కాదు. కుందేలు, కౌజు, పూరేడు, నక్క, ఉడుము, నెమలి, అడవిపంది, అక్కడక్కడ ఎలుగు, చిరుతపులి. ఇంతే యిక్కడి అడవిసంపద.

ఈ గుట్టలను అంగుళమంగుళము ఎరిగినవారు ఆఫీసులలో లేరు. బోయవారు, గొర్రెలు మేపే కురుబలు, పిట్టలవారు ఎరుగుదురు. బోయవారిని ఈ రాష్ట్రంలో నాయకులనీ వాల్మీకులనీ అంటారు. మనము నక్కలవారనీ పిట్టలవారనీ పిలిచేవారు కన్నడంలో హక్కిపిక్కులు. హక్కి అంటే పక్షి. వారి యింటిభాష గుజరాతీకి దగ్గరిది. వీధిలోకి వస్తే తెలుగు, కన్నడం, అరవం ఏదైనా తడుముకోకుండా మాట్లాడుతారు. వారిలోనివారే కొందరు తలనూనెలు, మూలికలు అమ్ముకుంటూ ఆఫ్రికాదాకా పోయి 2023లో సూడాను యుద్ధంలో చిక్కుకొన్న సంగతి పాఠకులకు జ్ఞాపకముండవచ్చు.

వేట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో నేరమైనది. పులి మాట అటుంచి, కుందేలుకు ఉచ్చు పెట్టినా శిక్ష ఉన్నది. అది ఉండవలసినదే. వేటను మెచ్చుకొనేందుకు మేము ఈ నాలుగు మాటలు రాయడం లేదు. అయితే తరతరాలుగా జంతువు వెంట నడిచినవాడికి జంతువుకు వచ్చే జబ్బు కూడా తెలిసి ఉండాలి గదా అన్న ఆలోచనతో, బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం తాలూకాలలోని పాతకాపు వేటగాళ్ళ దగ్గర కూర్చుని ముచ్చటించినాము. పేర్లు వేయవద్దన్నారు. వేయడం లేదు.

మొదట అందరూ చెప్పేది ఒకటే మాట. “పరుగెత్తేదాన్నే మేము పట్టేది సామీ. పండుకోనుండేదాన్ని ముట్టేది లేదు.” మనిషి అలికిడికి లేవని కుందేలు, కుక్కను చూచి కూడా ఎగరని కౌజు, పొదకింద చచ్చిపడిన నెమలి, ఇవి ఎంత కండపట్టి ఉన్నా వదలివేయవలసినవే. పట్టినదానిని కోసినప్పుడు మొదట చూచేది కార్జము. దానిమీద తెల్లమచ్చలున్నా, రంగు మారినా, కడుపులో దుర్వాసన వేసినా కుక్కలకు కూడా వేయకుండా గుంటతీసి పూడ్చేవారట. ఈ నియమానికి వారు చెప్పే కారణం దేవతకోపం. ఒక ముసలాయన మారెమ్మ అన్నాడు, యింకొకాయన గుట్టమీది మునీశ్వరుడన్నాడు. కారణం ఏదైనా కానీండి, పశువైద్యులు ఈనాడు చెప్పే మొదటి జాగ్రత్తా యిదే: ఎందుకు చచ్చినదో తెలియని జంతువును కోయవద్దు.

గొర్రెల కాపరులకు దొమ్మరోగం తెలుసు. మేసే గొర్రె మేస్తూనే కూలుతుంది. ముక్కునుంచీ నోటినుంచీ నల్లని నెత్తురు కారుతుంది, అది గడ్డకట్టదు. ఆ కళేబరాన్ని కోస్తే రోగబీజాలు గాలి తగిలి గట్టిపెంకు కట్టుకొని మట్టిలో దశాబ్దాలు బ్రతుకుతవి. ఆ చోట మేసిన పశువుకూ, అడవిలోని జింకకూ అంటుతవి. కోసినవాడి చేతిమీద నల్లని మచ్చతో పుండు లేస్తుంది. మాంసం తిన్నవాడికి ప్రాణాపాయం. లోతుగా గుంట తీసి సున్నం వేసి పూడ్చడమో, కాల్చడమో తప్ప వేరు దారి లేదు. కాపరులకు ఇదంతా తెలుసు. అయితే ఒక్క గొర్రె ఎన్ని వేలు పలుకుతున్నదో ఆలోచించండి. తెల్లవారి చచ్చినదాన్ని ఊరవతల సగం ధరకు కోసి పంచడం యిప్పటికీ జరుగుతున్నదని వారే ఒప్పుకొన్నారు. పాతనియమం పేదరికం ముందు నిలవడం కష్టం.

చిక్కబళ్ళాపురం పక్క సంభాషణ కోళ్ళమీదికి మళ్ళినది. వరదహళ్ళి అన్న ఊళ్ళో 2025 మొదట్లో నాటుకోళ్ళు వరుసగా రాలినవి. పరీక్షచేస్తే హెచ్5ఎన్1 పక్షిజ్వరమని తేలినది. చుట్టుపక్కల కోళ్ళను చంపి పాతిపెట్టినారు. ఊళ్ళలో కోళ్ళు చస్తే మనవారు చప్పున కొక్కెర తెగులంటారు. ఆ రెండిటికీ బయటి చిహ్నాలు చాలావరకు ఒకటే: మెడ వాలడం, తూలడం, తల నీలిరంగు తిరగడం. కంటితో చూచి ఇది ఫలానా అని ఏ డాక్టరూ చెప్పలేడు. నమూనా తీసి భోపాలులోని జాతీయ ప్రయోగశాలకు పంపవలసిందే.

కౌజులు పట్టి పెంచిన ఒక పెద్దాయన మాత్రం మాకు మంచిమాట చెప్పినాడు. “కోడిని చూడొద్దప్పా, కాకిని చూడు. కాకులు పడితే ఊరికి ఏదో వచ్చినట్లే.” ఇది ఆయన ఎక్కడా చదివినది కాదు. రాజస్థానంలో 2020 చివర, 2021 మొదట్లో పక్షిజ్వరం మొదట బయటపడినది చచ్చిన కాకులలోనే. ఇక పిట్ట జబ్బుదైతే వండి తినడంకన్నా దానిని పట్టి, ఈకలు పీకి, కడుపు శుభ్రం చేయడంలోనే ఎక్కువ ప్రమాదం. ఆ పని ఎవరు చేస్తారు? మగవాడు పట్టుకొస్తాడు, పెరట్లో కూర్చుని పీకేది ఆడవాళ్ళు, పక్కన ఆడుకొనేది పిల్లలు.

అయితే చచ్చిన ప్రతి పిట్టా జబ్బుతో చావదు. విత్తనాల రోజులలో నెమళ్ళు, కౌజులు గుంపుగా ఒకే చేనుపక్క పడి ఉంటే, వాటి మెడసంచి గింజలతో నిండి ఉంటే అది మందుపూసిన విత్తనం పని అని వేటగాళ్ళందరికీ తెలుసు. జబ్బయితే ఇక్కడొకటి, అక్కడొకటి, రోజుల తరబడి పడుతవి. ఈ లెక్క ప్రయోగశాలకు సాటి కాదుగాని, ఎక్కడ వెదకాలో చెప్పడానికి చాలును.

చింతామణి తాలూకాలో కైవారం కొండవైపు మాటలు నక్కమీదికి పోయినవి. మన భాషలో అదృష్టవంతుడిని నక్కతోక తొక్కినవాడంటాము. అదృష్టం కోసమే నక్కకొమ్మును తాయెత్తుగా కొనేవారు ఇప్పటికీ ఉన్నారు. నక్కకు కొమ్ము ఉండదు. ఈ సంగతి అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. నవ్వులాటకు ఇంతవరకు బాగానే ఉన్నది. ఈ పిచ్చినమ్మకం కోసం నక్కను చంపి తల కోసేవాడి సంగతి తలచుకొంటేనే మాకు ఒళ్ళు జలదరించినది. ఏలనంటే పిచ్చిజబ్బు దాగి ఉండేది ఆ తలలోని మెదడులోను, చొంగలోను.

మంచినక్క మనిషిని చూస్తే పారిపోతుంది. పట్టపగలు ఊళ్ళోకి వచ్చి, దుడ్డుకర్రకు కూడా బెదరక ఎదురు నడిచేది పిచ్చిది. ముంగిసా అంతే. ఇది వేటగాళ్ళకు క్షుణ్ణంగా తెలుసు. కాని కరిచిన తరువాత చేయవలసినదానిలో వారి విద్య పూర్తిగా తప్పు. గాయానికి సున్నం పెట్టేవారు, కారం అద్దేవారు, పసరు తాగించి నలభై రోజులు పత్యం పెట్టేవారు. ఆసుపత్రికి ఎందుకు పోలేదని అడిగితే డెబ్బయి దాటిన ఒకాయన కడుపుమీద చెయ్యి వేసి “పద్నాలుగు సూదులు” అన్నాడు. అబద్ధం కాదు. గొర్రె మెదడునుంచి తీసిన ఆ పాత టీకామందును పొట్టచుట్టూ రోజుకొకటి చొప్పున వేసేవారు. నొప్పి చాలక, కొందరికి నరాల వాపు కూడా వచ్చేది. దానిని మనదేశంలో 2004 చివరతో నిలిపివేసినారు. ఇప్పుడు భుజానికి వేసే నాలుగైదు సూదులతో సరిపోతుంది. నెత్తురు వచ్చిన గాయమైతే గాయంలోనే మరొక మందు వేస్తారు. సర్కారు ఆసుపత్రిలో ఉచితమే. పరుగున పోయేముందు గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగాలి. జబ్బు పైకి కనబడిన తరువాత యిక బ్రతికించడం దాదాపు అసాధ్యం. పొట్టచుట్టూ సూదులు ఆగి యిరవై యేళ్ళు దాటినా, ఆ భయం గుట్టల నడుమ కథగా తిరుగుతూ ఈనాటికీ మనుషులను పసరువైద్యుడి గడపకు తోలుతున్నది. ఈ ఒక్క సంగతి మీ యింటి పనివారికి, తోటమాలికి, పాలు తెచ్చేవారికి చెప్పినా ఈ వ్యాసం చదివిన ఫలం దక్కినట్లే.

“మేము చూచినది చెప్పితే ఎవరికేమి లాభం?” అని బాగేపల్లివారు మమ్మల్నొక ప్రశ్న వేసినారు. దానికి జవాబు యిదే రాష్ట్రంలో, శివమొగ్గ జిల్లా సొరబ తాలూకాలో ఉన్నది. 1957లో అక్కడి క్యాసనూరు అడవిలో కొండముచ్చులు, కోతులు చెట్లమీదినుంచి రాలి చచ్చినవి. చుట్టుపక్కల పల్లెలలో మనుషులు తీవ్రజ్వరంతో పడినారు. కోతుల చావు సంగతి పల్లెవారు చెప్పబట్టి పూనాలోని వైరసు పరిశోధన కేంద్రంవారు వచ్చినారు. ఆఫ్రికాలోని పచ్చజ్వరం మనదేశంలో అడుగుపెట్టిందేమో అని మొదట హడలిపోయినారు. తుదకు అది పిడుదుల ద్వారా అంటే కొత్త వైరసు అని తేలినది. దానికి ఆ అడవి పేరే పెట్టినారు. ఊళ్ళలో మంగన కాయిలె, అంటే కోతిజబ్బు అంటారు. అది మలెనాటి జబ్బు, మన ఎండుగుట్టలది కాదు. కాని 2012లో అది బండీపురం అడవిలోనూ కనబడినది. అప్పుడు పడకవేసినవారు ఎవరంటే, చచ్చిన కోతుల కళేబరాలను తగలబెట్టే పనిలోని అటవీ కాపలాదారులు. ముందుగా చూచేవాడు అడవిలో తిరిగేవాడు. ముందుగా పడేవాడూ అతడే.

ఇంత చెప్పినా వారు తల ఊపి ఊరకున్నారు. ఆ మౌనానికి చరిత్ర ఉన్నది. ఎరుకలవారివంటి జాతులను 1871 నాటి చట్టం పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కకట్టినది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1952లోగాని అది రద్దు కాలేదు. పిట్టలవాడు సంచితో కనబడితే సంచి విప్పించడం ఈనాటికీ మామూలే. ఇటువంటివాడు పోలీసుదుస్తులకూ అటవీశాఖవారి దుస్తులకూ తేడా చూడడు. అడవిపంది సంగతే తీసుకోండి. పందులకు వచ్చే ఆఫ్రికా జ్వరం మనదేశంలో 2020లో అస్సాం, అరుణాచలాలలో మొదలై, 2023లో ముదుమలై అడవిపందులను చంపి, 2025లో చిక్కబళ్ళాపురం తాలూకాలోనే పెంపుడు పందులకు వచ్చినది. మనిషికి అంటదుగాని పందికి మందులేదు. ఉప్పువేసి ఎండబెట్టిన మాంసంలో కూడా ఆ వైరసు నెలల తరబడి బ్రతుకుతుంది. గుట్టలలో పందులు చచ్చి పడుతున్నవో లేదో ముందు తెలిసేది చేలకాపు వారికి, దొంగతనంగా ఉచ్చు పెట్టేవారికి. ఉచ్చు పెట్టినవాడు వచ్చి చెప్పడు. చేలకాపు అతనుకూడా, నీవే కరెంటుతీగ పెట్టి చంపినావని మీదపడుతారేమోనని నోరు మెదపడు.

చట్టం సడలించమని మేము అనడం లేదు. చచ్చిన జంతువును చూచి చెప్పినవాడిని, చంపినవాడిని ఒకే గాటకట్టకుండా ఉంటే చాలును. ఊరి ఆశావర్కరుతోనో, పశువైద్యశాల కాంపౌండరుతోనో చెప్పితే పేరు అడగకుండా రాసుకొనే ఏర్పాటు ఉంటే ఖర్చు ఒక నోటుపుస్తకం. హెబ్బాళంలో పశువ్యాధుల సంస్థ ఉన్నది, బాగేపల్లినుంచి బస్సులో రెండు గంటల దూరం. అక్కడికి నమూనా చేరే దారి గుట్టమీదినుంచి మొదలు కావాలి.

ప్రస్తుతం ఉన్నది టెలిఫోను. పశువులకైతే 1962, అడవి జంతువులకైతే 1926. అంకెలు అటూయిటూ చేసి పెట్టిన మహానుభావుడెవరోగాని, చదువురానివాడు ఒకదానికి చేసి రెండవది అనుకోవడం ఖాయం. చేసినప్పుడు చెప్పవలసినది ఏ జంతువు, ఎన్ని, ఏ గుట్టదగ్గర, ఎన్నాళ్ళనుంచి అన్నంతే. కర్రతో కూడా కదపనక్కరలేదు. కుక్కలను కట్టివేసి, పిల్లలను దూరంగా ఉంచితే సరి.

ఈ రెండు నంబర్లూ మేము కాగితంమీద పెద్ద అంకెలతో రాసియిచ్చినాము. పెద్దాయన మనుమడు తన ఫోనులో ఎక్కించుకొన్నాడు. పెద్దాయన మాత్రం కాగితం తిరగేసి చూచి, “చేస్తాం సామీ. చేస్తే అవతల మొదట అడిగేది, ఆ పొద్దులో నువ్వు అక్కడ ఏం చేస్తాండావని గదా? దానికేం చెప్పల్ల?” అన్నాడు.