మాదాపూర్ మేడల మీద గాలిమర ఎందుకు లేదు?

"సార్, మన దగ్గర ఇన్ని ఎత్తు బిల్డింగులున్నాయి, పైన గాలి బాగా కొడుతుంది కదా! ఒక్కదాని మీద కూడా గాలిమర లేదేం?" మాదాపూర్‌లో ఎనిమిదో తరగతికి శక్తి పాఠం చెబుతుంటే ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. సైబర్ టవర్స్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఏసీలూ సర్వర్లూ రాత్రింబవళ్ళు కరెంటు వాడుతూనే ఉంటాయి. అలాంటప్పుడు ఈ అనుమానం రావడం సహజమే. లెక్క బోర్డు మీదే వేశాం.

గాలిలో ఉండే శక్తి దాని వేగపు ఘనాన్ని బట్టి ఉంటుంది. ప్రతి కిలో గాలి మోసుకొచ్చే శక్తి వేగపు వర్గం కొద్దీ పెరుగుతుంది. పైగా గాలి ఎంత వేగంగా వీస్తే సెకనుకు అన్ని ఎక్కువ కిలోలు రెక్కల మధ్యగా పోతాయి. ఈ రెండూ గుణించుకుంటాయి కాబట్టి గాలి వేగం రెట్టింపయితే శక్తి ఎనిమిది రెట్లవుతుంది, సగమైతే ఎనిమిదో వంతే మిగులుతుంది. రెక్కల సంగతీ ఇలాంటిదే. పొడవు రెట్టింపు చేస్తే అవి చుట్టే వైశాల్యం నాలుగు రెట్లు.

ఇప్పుడు మన డాబా మీద రెండు మీటర్ల రెక్కలున్న చిన్న మర పెట్టామనుకుందాం. గాలి సెకనుకు 3 మీటర్ల వేగంతో వీస్తే చేతికొచ్చేది సుమారు 60 వాట్లు. పాతరకం సీలింగ్ ఫ్యాన్ ఒక్కటి తిరగాలంటేనే 75 వాట్లు కావాలి. దానికితోడు మేడల మధ్య గాలి తిన్నగా రాదు. అంచులకు కొట్టుకుని సుడులు తిరుగుతుంది. ఒక్కో క్షణం ఒక్కో దిక్కు నుంచి తగిలే గాలి రెక్కను తిప్పడం కన్నా వణికించడమే ఎక్కువ. లండన్‌లో 2010లో కట్టిన స్ట్రాటా అనే నివాస భవనం నెత్తిన మూడు గాలిమరలు పెట్టారు. చప్పుడు, అదురు వల్ల అవి తిరిగిన కాలం కన్నా ఆగిన కాలమే ఎక్కువ. బహ్రెయిన్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌ది వేరే కథ. అక్కడ రెండు టవర్లనూ తెరచాపల ఆకారంలో కట్టి, సముద్రపు గాలిని వాటి మధ్య ఇరుకులోకి తోసి, 29 మీటర్ల వ్యాసమున్న మూడు మరలను తిప్పుతున్నారు. గాలి కోసమే కట్టిన భవనం అది. కట్టేసిన భవనం మీద తర్వాత మర తగిలిస్తే ఆ ఫలితం రాదు.

అసలు రెక్క ఎలా తిరుగుతుంది? గాలి వెనక నుంచి నెడితే తిరుగుతుందని చాలామంది అనుకుంటారు. ఆ పద్ధతిలో రెక్క గాలి కన్నా వేగంగా పోలేదు. కానీ 50 మీటర్ల రెక్కలున్న మర నిమిషానికి 15 చుట్లు తిరిగితే రెక్క కొస గంటకు 280 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అప్పుడు వీచే గాలి గంటకు 30 కిలోమీటర్లే ఉండవచ్చు! అంటే ఇక్కడ జరుగుతున్నది నెట్టడం కాదు. విమానం రెక్కను పైకి లేపే బలమే ఈ రెక్కను పక్కకు లాగుతుంది. తిరుగుతున్న రెక్కకు గాలి దాదాపు ఎదురుగా వస్తున్నట్టే ఉంటుంది, ఆ ఎదురుగాలి నుంచే అది బలం తీసుకుంటుంది. కొస వేగంగా, మొదలు నెమ్మదిగా కదులుతాయి కాబట్టి ఎదురుగాలి కోణం రెక్క పొడవునా మారుతూ పోతుంది. గాలిమర రెక్కలో మెలిక కనిపించేది అందుకే. నాకైతే ఈ యంత్రంలో అన్నిటికన్నా ఇష్టమైనది ఆ మెలికే.

మంచి రెక్క ఎలా ఉండాలో మనిషికి తెలిసిన తీరు కూడా బాగుంటుంది. 1888లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో చార్లెస్ బ్రష్ తన ఇంటి పెరట్లో 17 మీటర్ల చక్రం నిలబెట్టాడు. దేవదారు చెక్కతో చేసిన 144 రెక్కలు, ఎక్కడా ఖాళీ లేకుండా! అంత పెద్ద యంత్రం ఇచ్చింది 12 కిలోవాట్లు. మూడేళ్ళకే డెన్మార్క్‌లోని ఆస్కోవ్ అనే ఊళ్ళో పౌల్ లా కూర్ అనే బడిపంతులు పని మొదలుపెట్టి, గాలి సొరంగంలో నమూనాలు పరీక్షించి, రెక్కలు తక్కువగా ఉండి వేగంగా తిరిగే మరే ఎక్కువ శక్తినిస్తుందని తేల్చాడు. గాలి లేని రోజుల కోసం ఆ కరెంటుతో నీటిని విడగొట్టి, హైడ్రోజన్ నిలవచేసి, దానితో బడిలో దీపాలు వెలిగించాడు. ఆయన దగ్గర చదువుకున్న యోహానెస్ యూల్ 1957లో గెడ్సర్‌లో కట్టిన మూడు రెక్కల 200 కిలోవాట్ల మర పెద్ద మరమ్మతుల్లేకుండా 11 ఏళ్ళు నడిచింది. నేటి గాలిమరలన్నీ దాని సంతానమే.

రెక్కలు మూడే ఎందుకు? రెండైతే ఖర్చు తగ్గుతుంది. కానీ రెక్కలు నిలువుగా ఉన్నప్పుడు మర తల సులువుగా గాలి వైపు మళ్ళుతుంది, అడ్డంగా ఉన్నప్పుడు మొరాయిస్తుంది. ప్రతి చుట్టుకూ ఆ కుదుపు తప్పదు. మూడు రెక్కలతో బరువు ఎప్పుడూ సమంగా పంచుకుని ఉంటుంది.

గాలిలోని శక్తినంతా పిండుకోవడమూ కుదరదు. పూర్తిగా పిండితే గాలి అక్కడే ఆగిపోతుంది, వెనక వచ్చే గాలికి దారి ఉండదు. వచ్చిన వేగంలో మూడో వంతు వదిలేస్తేనే గరిష్ఠ ఫలితమనీ, అది 59.3 శాతం మించదనీ జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ లెక్కకట్టాడు. గాలి మరీ ఎక్కువైతే రెక్కలు మొదలు దగ్గర తమ చుట్టూ తాము తిరిగి గాలిని జారవిడుస్తాయి. సెకనుకు 25 మీటర్లు దాటితే మర తనంతట తానే ఆగిపోతుంది.

సైబరాబాద్‌కు గాలి కరెంటుతో సంబంధం లేదా అంటే, చాలా ఉంది. గాలి, సౌర విద్యుత్తు సంస్థ గ్రీన్‌కో హైదరాబాద్‌దే. మైత్రా ఎనర్జీ నానక్‌రామ్‌గూడ నుంచి నడిచింది. అనంతపురం జిల్లా వజ్రకరూరు, కర్నూలు జిల్లా ఆస్పరి, ఇటు వికారాబాద్ జిల్లా పరిగి వైపు మైత్రా నిలబెట్టిన మరలు 2023లో జేఎస్‌డబ్ల్యూ ఎనర్జీ చేతికి వెళ్ళాయి. తెలంగాణ మొత్తం గాలి సామర్థ్యం 128 మెగావాట్లే, ఆంధ్రప్రదేశ్‌ది 4,000 పైచిలుకు. గాలి రాయలసీమ గుట్టల మీద, లెక్కలు హైటెక్ సిటీలో అన్నమాట.

సీమకు ఈ మర నప్పుతుంది. బొగ్గు అక్కర్లేదు, థర్మల్ కేంద్రంలా నీళ్ళూ అక్కర్లేదు. స్తంభం చుట్టూ వేరుశనగ వేసుకోవచ్చు. కష్టాలూ ఉన్నాయి. ఏడాది కరెంటులో ఎక్కువ భాగం నైరుతి రుతుపవనాల నాలుగు నెలల్లోనే వస్తుంది. మార్చి ఎండల్లో ఏసీలన్నీ తిరిగేటప్పుడు గాలి అంతగా ఉండదు. ధర తగాదా ఇంకొకటి. యూనిట్ 4.84 రూపాయల దాకా ఉన్న పాత ఒప్పందాలను 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తిరగదోడబోయింది, ఒప్పందం ఒప్పందమేనని 2022లో హైకోర్టు చెప్పింది. గుట్టల మీద రోడ్లు కోస్తారు, పక్షులు రెక్కలకూ తీగలకూ తగులుతాయి. ఫైబర్‌గ్లాస్ రెక్కలను కరిగించి మళ్ళీ వాడుకోవడం కష్టం, చాలాచోట్ల పూడ్చేస్తున్నారు. పాతికేళ్ళు నిండిన మర రెక్కలు ఎక్కడికి పోవాలో ఇప్పుడే నిర్ణయించుకోవడం మేలు.

గాలి ఉన్నప్పటి కరెంటును లేనప్పటికి నిలవచేసే సమస్యకు ఒక జవాబు నంద్యాల జిల్లా పిన్నాపురంలో ఉంది. కరెంటు మిగిలినప్పుడు నీటిని పై జలాశయానికి ఎక్కించి, అవసరమైనప్పుడు కిందికి వదిలి టర్బైన్లు తిప్పే పథకమది. 2022 మేలో శంకుస్థాపన జరిగిన గ్రీన్‌కో ప్రాజెక్టులో ఆ నీటి భాగమే 1,680 మెగావాట్లు, దానికి సౌర, పవన విద్యుత్తు తోడు.

మిగిలింది అంచనా. గాలి కరెంటు ఎంతొస్తుందో రోజును 96 పావుగంటలుగా విడగొట్టి ముందే గ్రిడ్‌కు చెప్పాలి, తప్పితే జరిమానా. దీనికి కావలసింది గాలి శాస్త్రం, గణితం, మంచి ప్రోగ్రాం. ఈ మూడూ తెలిసినవాళ్ళు గచ్చిబౌలిలో కొల్లలు. వాళ్ళలో కొందరైనా ఈ పని పట్టుకోవాలని నా కోరిక.