డంప్‌స్టర్ డైవింగ్

దుకాణాలు, హోటళ్లు చెత్తకుండీల్లో పడేసిన సరుకుల్లోంచి తినదగినవి ఏరుకోవడాన్ని డంప్‌స్టర్ డైవింగ్ అంటారు. అమెరికా, ఐరోపాల్లో కొందరు పేదరికం వల్ల, మరికొందరు వృథాకు నిరసనగా ఈ పని చేస్తారు. 2022లో ప్రపంచమంతటా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం అంచనా. సూపర్‌మార్కెట్లు అమ్ముడుపోని తిండిని కావాలని పాడుచేయకుండా ఫ్రాన్స్ 2016లో చట్టం తెచ్చింది.

మన గోదావరి జిల్లాల్లో ఇలా తిండి మిగిలిపోవడం బాగా కనిపించేది పెళ్లి భోజనాల దగ్గర. అలాంటి తిండిని సేకరించి పేదలకు ఉచితంగా పంచేందుకు భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) 2019లో నిబంధనలు రూపొందించింది. విస్తట్లో వడ్డించక ముందే మిగులును వేరుచేసి, వేడి తగ్గకుండా తరలించడం ముఖ్యం. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి.

వాసన బాగున్నంత మాత్రాన తిండి మంచిదని నమ్మకూడదు. గంటల తరబడి బయట ఉన్న అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు. చింతపండు పులుపు వల్ల పులిహోర కొంతసేపు ఎక్కువ నిలుస్తుంది. కొబ్బరి పచ్చడి త్వరగా పాడవుతుంది. ఉబ్బిన డబ్బాలను, బూజు పట్టిన వేరుశనగపప్పును పారేయాల్సిందే. ప్యాకెట్ మీద ‘బెస్ట్ బిఫోర్’ తేదీ నాణ్యతకు, ‘యూజ్ బై’ తేదీ భద్రతకు గుర్తు. రెండోది దాటితే తినకూడదు.