పేలికల పెట్టెకు ఒక పద్ధతి

రవిక కుట్టగా మిగిలిన జానెడు గుడ్డను పారవేయడానికి ఏ ఇల్లాలికీ మనసొప్పదు. కాని అవసరమైన నాడు అది చేతికందకపోతే దాచిన ఫలమేమిటి? చిరిగిన గౌనుకు అదే గుడ్డ అతుకు దొరికితే మరికొంతకాలం నడుస్తుంది. లేకుంటే కొత్త గౌనుకు డబ్బు పెట్టవలసిందే.

ముందుగా నూలు, పట్టు, పాలియెస్టర్ ముక్కలను వేరు చేయండి. ఉతకని నూలుముక్కను అతికితే మొదటి ఉతుకుకే కుంచించుకుపోయి ముడతలు పడుతుంది. కనుక ఉతికి, ఆరవేసి, గంజి లేకుండా దాచాలి. గంజిబట్టను పురుగులు కొరుకుతాయి. అతుకు పడుగు, బట్ట పడుగు ఒకే దిశలో ఉంటేనే కుట్టు సాపుగా ఉంటుంది. అందుచేత పడుగు ఎటో పెన్సిలుతో గీయండి.

అమెరికాలో 1863లో ఎబెనెజర్ బటరిక్ వివిధ కొలతల కాగితపు నమూనాలను అమ్మకానికి తెచ్చాడు. మన ఇళ్లలో పాత వార్తాపత్రికే నమూనా. దానిపై ఎవరిది, ఏ కొలత, కుట్టుకు ఎంత వదిలినది, ఏ తేదీ అన్నవి వ్రాయండి. పిల్లలు ఎదుగుతారు, తేదీ లేని నమూనాను నమ్మి కత్తెర వేస్తే గుడ్డ దండుగ.

సంక్రాంతి ముందు ఇల్లు దులిపేటప్పుడు పెట్టె కుమ్మరించి, మరీ చిన్న ముక్కలను బొంతకు ఇవ్వండి. బెంగాలు స్త్రీలు కాంథా కుట్టడానికి దారాన్ని సైతం పాత చీరల అంచుల నుండే తీసేవారు.